చలి ఏడికెళ్ళి దూరింది?

మొన్న ఆదివారం చర్చి అయ్యాక సికింద్రాబాద్ కార్ఖానా పేటలో ఒక బట్టల దుకాణానికి వెళ్ళాను, అమ్మకి నైటీలు కొనడానికి. అద్దం ముందు ఒకమ్మాయి దళసరి చలికోటు తొడుక్కుని అటూ ఇటూ తిరిగి చూసుకుంటోంది. బయట ఎండ మండిపోతోంది. ఏ చలిదేశానికో ప్రయాణం కాబోలు. నేను నా మానాన నైటీలు చూసుకుంటే పోయేది. చూసుకోకుండా ఆ అమ్మాయి పక్కకి వెళ్ళి, "చెయ్యి పైకెత్తమ్మా" అన్నాను. పాపం, భయపడి ఎత్తేసింది. చంక కింద రెండు వేళ్ళు పెట్టి కుట్టు తడిమి చూశాను. దుకాణంలో అందరూ నా వంక అదోలా చూస్తున్నారు. "బాగుంది, తీసుకో" అని చెప్పి, నైటీలు కొనకుండానే బయటపడ్డాను.

ఆ అలవాటు నాది కాదు, మా మాస్టర్‌ది. మాస్టర్ అంటే బడిలో పాఠం చెప్పే మాస్టర్ కాదు, ఆ పని నాది. ఆయన దర్జీ. రెజిమెంటల్ బజార్‌లో ఒక సందులో మూడు మెట్లు దిగితే ఆయన కొట్టు. దిగితేనే, ఎక్కితే కాదు. రోడ్డు వేసినప్పుడల్లా సందు పైకి లేచి, కొట్టు కిందికి పోయిందట. బోర్డు మీద సగం పెయింటు ఊడిపోయి "టైలర్స్" అన్న మాట ఒక్కటే మిగిలింది. ఆయన పేరేమిటని నేనెప్పుడూ అడగలేదు, ఆయనా నా పేరడగలేదు. ఆయన మాస్టర్, నేను టీచరమ్మ. ఆయన పోయి రెండేళ్ళు కావస్తోంది.

ఆయన్ని కలిసేనాటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. పదకొండేళ్ళుగా ఒకే బడిలో ఇంగ్లీషు చెబుతున్నాను. పిల్లలు మారుతున్నారు గానీ వాళ్ళ తప్పులు మారడం లేదు. ఎర్ర పెన్నుతో అవే తప్పుల కింద అవే గీతలు గీసి గీసి విసుగొచ్చి, ఒక వేసవి సెలవుల్లో ఎవరికీ చెప్పకుండా మంగోలియాలో ఒక బడికి దరఖాస్తు పెట్టాను. వాళ్ళు ఫోనులో నా మొహం చూసి, నాలుగు మాటలు మాట్లాడించి, ఒక ఏడాదికి రమ్మన్నారు. అమ్మకి చెప్పడానికి రెండు రోజులు గుటకలు మింగాను. అమ్మ నర్సుగా చేసి రిటైరైన మనిషి, దేనికీ గాభరా పడదు. "ఎంత చలేమిటి?" అని మాత్రం అడిగింది. మైనస్ ముప్పై అన్నాను. కాసేపు ఆలోచించి, "వెళ్ళవే. ఇన్నేళ్ళూ ఆ నల్లబల్ల మొహమే చూశావు. నాకేం, హాయిగా టీవీ చూసుకుంటాను" అంది.

ఇక సర్దుడు మొదలైంది. మంచం మీద సూట్‌కేసు రెండు వారాలు నోరు తెరుచుకుని పడుంది. మా సికింద్రాబాద్ వాళ్ళకి తెలిసిన చలి డిసెంబరులో ఓ నాలుగు తెల్లవారుజాములు వచ్చి పోయే చలి. ఆ చలికి సరిపడా సలహాలు మటుకు అందరి దగ్గరా దండిగా ఉన్నాయి. చర్చి ఆంటీలు ఒక్కొక్కరే వచ్చి తలా ఒక వస్తువు సూట్‌కేసులో పెట్టి, ప్రార్థన చేసి, టీ తాగి వెళ్ళేవాళ్ళు. చూస్తుండగానే ఆరు మంకీ క్యాపులు పోగయ్యాయి. ఒకావిడ వేడినీళ్ళ సంచీ తెచ్చింది. ఇంకొకావిడ తన పెళ్ళినాటి శాలువా తెచ్చి, వచ్చేటప్పుడు తెచ్చివ్వాలని రెండుసార్లు గుర్తుచేసింది. అమ్మ ప్రతి మడతలోనూ ఒక కలరా ఉండ దోపింది. ఆ ఘాటుకి విమానంలో పక్క సీటువాడు లేచిపోతాడని నేను గొణిగాను. శాలువా ఆంటీయే చివరికి పనికొచ్చే మాట చెప్పింది. "కోటు మటుకు ఎక్కడా కొనకమ్మా. రెజిమెంటల్ బజార్‌లో మాస్టర్ ఉన్నాడు. మిలిటరీ ఆఫీసర్లకి కుట్టిన చెయ్యి" అంది.

వెళ్ళాను. మెట్లు దిగగానే కళ్ళు చీకట్లు కమ్మాయి. గోడకి బాగా పైన ఒక వెంటిలేటరు ఉంది, అందులోంచి ఎండ ఏటవాలుగా దిగుతోంది, ఆ ఎండలో ఉన్ని నూగు ఎగురుతోంది. ఇస్త్రీ చేసిన తడిగుడ్డ వాసన. నాలుగు పాత మిలిటరీ ఓవర్‌కోట్లు చిలక్కొయ్యలకి వేలాడుతున్నాయి. పైన సందులో ఆటోల మోత, కింద ఏదో నీళ్ళ అడుగున కూచున్నంత నిశ్శబ్దం. మిషను వెనక సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఒక ముసలాయన. ఏ దేశం, ఎన్ని నెలలు, ఏం పని అని అడిగాడు. ఇంగ్లీషు టీచర్నన్నాను. టేపు తీస్తాడనుకుంటే గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క ఒకటి నా చేతిలో పెట్టి గోడ చూపించాడు.

"రాయి టీచరమ్మ."

"ఏం రాయను?"

"క్లాసుల ఏం రాస్తవో గదే రాయి."

గోడ మీద తేదీ రాసి, కింద పాఠం పేరు రాశాను. ఆయన నా రాత చూడడం లేదు, నా భుజం చూస్తున్నాడు.

"ఇంక జెర పైకి రాయి. ఆఁ. ఇప్పుడు ఎనక ఒక పిలగాడు ముచ్చట వెడుతున్నడు. తిరిగి సూడు. తిట్టు వాన్ని."

నాకు నవ్వొచ్చింది గానీ, తిరిగి ఇంగ్లీషులో ఓ రెండు తిట్లు తిట్టాను. పదకొండేళ్ళ అభ్యాసం, బాగానే వచ్చాయి. ఆయన ఆ తిరగడాన్ని, ఎత్తిన చేతిని, వంగిన నడుముని చూసి, అప్పుడు టేపు తీశాడు. "మనిషిని కొల్చుడు అందరు చేస్తరు. మనిషి చేసే పనిని కొల్వాలె" అన్నాడు. తర్వాత కనుక్కుంటే అందరికీ అంతేనట. ఒక బస్సు డ్రైవరుకి పీట వేసి కూచోబెట్టి ఉత్త చేతులతో స్టీరింగు తిప్పించాడట. ఒక నర్సమ్మ చేత మిషను మీది గుడ్డమూటకి సూదిమందు పొడిపించాడట. మా చర్చి పాటల మాస్టారు చేత మాత్రం పాడించకుండా చేతులు ఊపించి పంపాడట, అది అందరికీ మేలే.

ఆయన నిజామాబాద్ దాటి ఉత్తరానికి పోయిన మనిషి కాదు. అయినా చలి గురించి చాలా తెలుసు. చిన్నప్పటి నుంచీ కంటోన్మెంటు ఆఫీసర్ల కోట్లు ఆయన దగ్గరికే బాగుకి వచ్చేవి. మంచు కొండల మీద ఓ ఏడాది తిరిగొచ్చిన కోటుని బల్ల మీద పరిచి, ఉత్తరం చదివినట్టు చదివేవాడట. మోచెయ్యి నునుపు తేలితే ఎన్ని గంటలు కాపలా కాశాడో, కాలరు లోపల నల్లగీత ఎంత మందముంటే ఎన్నిసార్లు మెడ ముడుచుకున్నాడో. "ఇక్కడికెళ్ళి దూరింది సూడు" అని గుండీల వరసని వేలితో రాసేవాడు, అప్పుడే ఆ వేలికి చలి తగిలినట్టు. ఎవరి కోటు కుట్టినా ఒకటే షరతు. తిరిగొచ్చాక కోటు తెచ్చి చూపించాలి, చలి ఎక్కడి నుంచి లోపలికొచ్చిందో, ఆయన మాటల్లో ఏడికెళ్ళి దూరిందో చెప్పాలి.

మూడు వారాల్లో ఐదారు సార్లు పోయుంటాను. ట్రయల్ చూడడం పది నిమిషాల పని. మిగతా సాయంత్రమంతా మేమిద్దరం మంగోలియాలో ఉండేవాళ్ళం. ఆయన మిషను ఆపి, కళ్ళు మూసుకుని, "చెప్పు టీచరమ్మ, క్లాసు ఎట్లుంటది?" అనేవాడు. నాకేం తెలుసు? అయినా చెప్పేదాన్ని. పెద్ద కిటికీలు, కిటికీల అవతల తెల్లగా మైదానం. "పిల్లల నోట్లకెళ్ళి పొగ వస్తుంటది" అని ఆయన అందుకునేవాడు. "నువ్వు అటు తిరిగి రాస్తుంటవ్. చాక్‌పీసు సుత సల్లగ ఐతది, ఏళ్ళు గుంజుతయ్. కోటు ఇప్పొద్దు. కోటుతోనే రాయాలె, కోటుతోనే తిరగాలె." సిరాసీసాల్లో సిరా గడ్డకట్టేది. హాజరు పిలిస్తే ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క పొగమబ్బు లేచేది. మంచు కిటికీ సందుల్లోంచి దూరి మొదటి బెంచీ పుస్తకాల మీద పడేది. ఇద్దరం చెరో మాటా కలిపి కట్టిన ఆ గది నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. నేను తర్వాత నిజంగా పాఠం చెప్పిన గది అంత బాగా గుర్తులేదు.

ఆ గది కోసమే ఆయన ఆ కోటు కోశాడు. ఒక పాత మిలిటరీ ఓవర్‌కోటు కుట్లన్నీ విప్పి, గుడ్డని తిరగేసి, చంక దగ్గర లోతుగా, వదులుగా కోసి, వీపు మీద రెండు మడతలు ఇచ్చి, బోర్డు పై అంచు దాకా చెయ్యి హాయిగా లేచేటట్టు చేశాడు. పని చేస్తూ ఒకరోజు, నాకంటే ముందు తన కోటుతో చలిదేశానికి పోయిన ఒక సార్ సంగతి చెప్పాడు. ఆయనా ఇంగ్లీషు చెప్పడానికే పోయాడట. నవంబరులోనే వాపసు వచ్చేశాడు. అడిగితే, కోటు బ్రహ్మాండం మాస్టర్, ఇంట్లో పని పడి వచ్చా అన్నాడు. కోటు మటుకు తెచ్చి చూపించలేదు.

"అబద్ధం చెప్పిండు టీచరమ్మ. నేను బాధపడతనని చెప్పిండు. నా కోటుల ఏడనో చలి దూరింది, సార్ తట్టుకోలే, నౌకరి ఇడిసి వచ్చిండు. ఏడ దూరిందో ఎర్కైతె సరిజేసుకుంట గదా. నువ్వన్న చెప్పు."

చెబుతానని మాటిచ్చాను. చెయ్యి చాపితే చేతిలో చెయ్యేసి మరీ ఇచ్చాను.

కోటు సూట్‌కేసులో పెట్టొద్దు, మడతేస్తే భుజాలు విరుగుతాయి, తొడుక్కునే పో అన్నాడు. ఆగస్టు చివర, ఉక్కపోతలో, నాలుగు కిలోల ఉన్నికోటు తొడుక్కుని విమానాశ్రయంలో వరసలో నిలబడ్డాను. చెమట కాళ్ళ దాకా కారింది. పాస్టరు గారు ప్రార్థన చేస్తూ "ఈ బిడ్డని చలి నుండి కాపాడు తండ్రీ" అంటుంటే నవ్వాపుకోలేక పెదవి కొరుక్కున్నాను.

అక్కడికి వెళ్ళిన నెలన్నరకి చలి మొదలైంది, దాంతోపాటే మా ఇద్దరి తప్పు కూడా బయటపడింది. మన ఇల్లు ఎండని ఆపుతుంది, వానని ఆపుతుంది. ఇల్లు చలిని కూడా ఆపుతుందన్న ఊహే మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు. బయటెంత చలో లోపలా అంతే అనుకున్నాం. అక్కడ ప్రతి గదిలోనూ గోడ వెంబడి వేడినీళ్ళ గొట్టాలు. క్లాసులో పిల్లలు పొట్టిచేతుల చొక్కాలతో కూచుంటారు. నేను నూలు కుర్తాతో పాఠం చెప్పాను. నల్లబల్లా లేదు, తెల్లబల్ల మీద మార్కరు. గడ్డకట్టడానికి సిరా కూడా లేదు.

ఇక బయట. అక్టోబరు చివర ఒక పొద్దున కోటు తొడుక్కుని బస్సు కోసం నిలబడ్డాను. గాలి వచ్చింది. ఎదురుగా రాలేదు. చంకల్లోంచి దూరింది. ఆయన అంత ప్రేమగా వదులు ఇచ్చిన చోటులోంచే దూరి, వీపు మీది మడతల్లో నిండింది. కోటు లోపల నేను ఒంటరిగా వణికాను. పది నిమిషాల తర్వాత బడికి చేరితే నా దవడ నా మాట వినలేదు. తోటి టీచరొకావిడ నా అవతారం చూసి, సాయంత్రం బజారుకి తీసుకెళ్ళి, దూది బస్తాలాంటి ఈకల జాకెట్టు కొనిపించింది. ఆ రోజు నుంచి వచ్చే దాకా మాస్టర్ కోటు తలుపు వెనక మేకుకి వేలాడింది.

మాస్టర్ వాళ్ళమ్మాయి ఫోన్లోంచి నెలకోసారి ఆయన గొంతు వచ్చేది. వెనకాల మిషను చప్పుడు, ఆయన దగ్గు, ఆ తర్వాత ఒకే ప్రశ్న. "టీచరమ్మ, మంచు పడ్డదా? చలి ఏడికెళ్ళి దూరింది?"

మొదటిసారి నిజం చెబుదామనే నోరు తెరిచాను. మంచు పడిందని చెప్పాను. మార్కరు సంగతి చెప్పాను. కోటు దగ్గరికి వచ్చేసరికి, ఆయన కళ్ళు మూసుకుని గోడకి ఆనుకుని వింటూ ఉంటాడన్న ఊహ వచ్చి, "ఎక్కడా దూరలేదు మాస్టర్, చాలా బాగుంది" అనేశాను. మనకి ఎంత సులువుగా వస్తుందో ఆ మాట. వండినవాళ్ళకి, కుట్టినవాళ్ళకి, పాడినవాళ్ళకి తెల్లారి లేస్తే అదే మాట చెబుతాం. ఒకసారి చెప్పాక రెండోసారి ఇంకా సులువైంది. డిసెంబరులో ఆయన ఫోటో అడిగాడు. మంచులో, కోటుతో. బడి గేటు ముందు జాకెట్టు విప్పి, కోటు తొడుక్కుని, నవ్వుతూ నిలబడ్డాను. రెండు నిమిషాలు. ఫోటో తీసిన పిల్ల ఇంకొకటి తీస్తానంటే వద్దని లోపలికి పరిగెత్తాను.

జూన్లో ఇంటికొచ్చాను. కోటు చూపించక తప్పదు. మేకుకి వేలాడిన కోటు చూస్తే ఆయనకి క్షణంలో తెలిసిపోతుందని నాకు తెలుసు. అమ్మతో చెప్పుకుంటే, అమ్మ నర్సు కదా, అన్నిటికీ ఒక చికిత్స ఉంది. "దానికేముందే. చేతుల అంచులకి కాస్త చాక్‌పీసు పొడి రాయి. రెండ్రోజులు తొడుక్కుని తిరుగు, అదే మాస్తుంది" అంది. ఎద్దేవా కాదు, నిజంగానే చెప్పింది. నేనూ నిజంగానే చేశాను. జూన్ నెలలో, ఫ్యాను కింద, నాలుగు కిలోల కోటు తొడుక్కుని, డైనింగ్ టేబులు అంచుకి మోచేతులు రుద్దుకుంటూ రెండు రోజులు కూచున్నాను. అమ్మ మజ్జిగ చేతికిస్తూ పోయింది.

కొట్టు మెట్లు దిగేసరికి ఒకమ్మాయి నిలబడి ఉంది, గోడ మీద రాస్తూ. ఒంటి మీద నా కోటులాంటిదే కొత్త కోటు. అద్దం మూలకి నా ఫోటో అంటించి ఉంది, మంచులో నవ్వుతూ నేను. ఆ అమ్మాయి నన్ను చూసి సంబరపడిపోయింది.

"మేడం, ఈ ఫోటో మీరే కదా? మాది కాప్రా. నేను కజకిస్తాన్ పోతున్న, ఊర్ల బడికి, ఇంగ్లీష్ చెప్పనీకి. పది రోజులుంది. మాస్టర్ మీ ఫోటో చూపించిండు. జాకెట్ తీసుకుందామనుకున్న, మీది చూసి అది బంద్ చేసిన. ఇదొక్కటే తీసుకపోతున్న."

ఆ అమ్మాయి కోటు విప్పి, మాస్టర్‌కి దండం పెట్టి, మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ కోటు ఆమెని ఆ చలిలో కాపాడదని తెలిసినదాన్ని ప్రపంచం మొత్తానికి నేనొక్కదాన్నే. అప్పటికీ పిలవలేదు.

మాస్టర్ నన్ను ఎలా ఉన్నావని కూడా అడగలేదు. "తే" అని చెయ్యి చాపాడు. ఏడాదిలో బాగా చిక్కిపోయాడు, చూపు కూడా మందగించింది. కోటుని బల్ల మీద పరిచి, కళ్ళకంటే ఎక్కువగా వేళ్ళతో చూశాడు. మోచేతులు చూశాడు. చేతి అంచు తెల్లదనం వేలికి అంటుకుంటే ఆగాడు.

"చాక్‌పీసు."

"అవును మాస్టర్."

"ఆడ చాక్‌పీసు లేదు, మార్కరుతోని రాస్తనని నువ్వే ఫోన్ల చెప్పినవ్ గదా."

నేను నేల చూశాను. ఆయన కాలరు తిరగేసి, ముక్కు దగ్గర పెట్టుకుని, మెల్లగా వాసన చూశాడు.

"ఇది మన జూన్ నెల చెమట టీచరమ్మ."

కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది. స్టూలు జరిపి, "కూసో. ఇప్పుడు చెప్పు. చలి ఏడికెళ్ళి దూరింది?" అన్నాడు.

అంతా చెప్పాను. వేడినీళ్ళ గొట్టాలు, నూలు కుర్తా, బస్‌స్టాపు, చంకలు, ఈకల జాకెట్టు, తలుపు వెనక మేకు. ఆయన ఒక్కచోటే అడ్డం వచ్చాడు. "లోపట చలే ఉండదా?" అన్నాడు. ఉండదన్నాను. మేమిద్దరం కట్టిన ఆ గది, పొగలు కక్కే ఆ పిల్లలు, సిరాసీసాలు, అన్నీ ఆయన మొహంలోంచి మెల్లగా ఖాళీ అయిపోవడం చూశాను. అంత బాధ నాకు విమానం ఎక్కినప్పుడు కూడా కలగలేదు.

"మరి ఉత్తగ చెయ్యెందుకు లేపిచ్చిన నేను?" అన్నాడు, నన్ను కాదు, గోడని. ఆ తర్వాత నన్నే అన్నాడు. "ఎంతమందికి కుట్టినో. టీచర్లు, నర్సమ్మలు. అందరు మంచిగుంది మాస్టర్ అన్నరు. ఒక్కరు చెప్పలే. గా ఒక్క సంకల బొక్కతోనే అందర్ని చలిలకు తోలిన. వాళ్ళంటె వేరే. నువ్వు టీచరమ్మవు గదా. తప్పు కనవడితె గీత కొట్టాలె గదా."

పదకొండేళ్ళు ఎర్ర పెన్ను పట్టిన చెయ్యి నాది. అడగని పిల్లల తప్పులన్నిటికీ గీత కొట్టాను. కావాలని అడిగిన ఒక్క మనిషికి ఎనిమిది నెలలు కొట్టలేకపోయాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆయన లేచి, చిలక్కొయ్యకున్న కాప్రా అమ్మాయి కోటు తెచ్చి బల్ల మీద పడేశాడు. "ఇప్పాలె" అన్నాడు. ముదురు గుడ్డ మీద నల్లదారం ఆయనకి కనిపించడం లేదు. బ్లేడు నాకిచ్చాడు. ఆ చంకల కుట్లు విప్పింది నేనే. మూడు సాయంత్రాలు పట్టింది. ఆయన వేలితో చోటు చూపించడం, నేను కోయడం, సూదిలో దారం ఎక్కించి ఇవ్వడం. చంక పైకి, బిగుతుగా జరిపాడు. వీపు మడతలు మూసేసి లోపల ఇంకో దుప్పటి గుడ్డ అస్తరు వేశాడు. మూడో రోజు ఆ అమ్మాయి వచ్చి తొడుక్కుంటే చెయ్యి చెవి దాకా కూడా లేవలేదు. "రాసుడు లోపట, కోటు బయట" అన్నాడు మాస్టర్, ఆ ముక్క తనకి ఎప్పటి నుంచో తెలిసినట్టు. నేను ఆ అమ్మాయికి నా ఫోటో సంగతి చెప్పి, క్షమించమని అడిగి, జాకెట్టు కూడా కొనుక్కోమన్నాను. కొనుక్కుంది గానీ, ముందు కోటునే వేసి చూస్తానంది.

మాస్టర్ అద్దం మీది నా ఫోటో పీకలేదు. ఎందుకు ఉంచాడో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు.

డిసెంబరులో వాళ్ళమ్మాయి ఫోను చేసింది. నాన్నని ఆస్పత్రిలో వేశాం, డాక్టర్లు ఇంక చెప్పడానికేం లేదంటున్నారని. కాప్రా అమ్మాయి ఫోన్లో రికార్డు చేసి పంపిన మాట కూడా వినిపించింది. చాలా బాగుంది మాస్టర్, ఎక్కడా చలి లేదు, అని. "గది విని నాయన తలకాయ అడ్డం ఊపుతున్నడు. టీచరమ్మను అడగమంటున్నడు" అంది.

నేను కజకిస్తాన్‌కి ఫోను కలిపాను. బాగుంది మేడం, బాగుంది మేడం అంటోంది ఆ పిల్ల. నాకు నా గొంతే వినిపించింది. "చూడమ్మా, ఆయనకి ఇంక ఎక్కువ వేళ లేదు. నిజం చెప్పు" అన్నాను. కాసేపు గాలి చప్పుడు. తర్వాత మెల్లగా చెప్పింది. చంకల్లో దూరడం లేదు, వీపు వెచ్చగా ఉంది, జాకెట్టు పెట్టెలోంచి బయటికి తియ్యనే లేదు. కానీ చేతితొడుగుకీ కోటు చేతికీ మధ్య సందు వస్తోంది. అక్కడ చర్మం పగిలి నెత్తురొస్తోంది.

ఆస్పత్రి వార్డు గుమ్మంలోనే వాళ్ళమ్మాయి నన్ను ఆపింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "అక్కా, మంచిగుందని చెప్పు. గంతే చెప్పు. ఈ టైముల తక్లీఫ్ వెట్టకు" అంది. ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. ఆమె అడిగిందాంట్లో తప్పేం లేదు. నేనైనా మా అమ్మ కోసం అదే అడిగేదాన్ని.

మంచం దగ్గరికి వెళ్ళి వంగాను. మాస్టర్ దుప్పటి కింద గీత గీసినట్టున్నాడు. కళ్ళు మూసే ఉన్నాయి.

"మాస్టర్, మణికట్టు దగ్గర దూరుతోందట."

కళ్ళు తెరిచాడు.

"సంకలకెళ్ళి?"

"చంకల్లో దూరలేదు. వీపూ వెచ్చగా ఉందట. మణికట్టు దగ్గరే. చర్మం పగిలిందట."

దుప్పటిలోంచి చెయ్యి బయటికి తీసి నా మణికట్టు పట్టుకున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ ఎడం చేసి, మణికట్టు ఎముక నుంచి వేళ్ళ మొదలు దాకా ఒకసారి కొలిచాడు. అప్పుడు కూడా కొలత తప్పలేదు.

"రెండించులు పొడుగియ్యాలె. లోపట ఉన్ని పట్టీ" అన్నాడు. "రాసుకో టీచరమ్మ."

సంచీలోంచి పెన్ను తీసి రాసుకున్నాను. ఆయన నా చెయ్యి వదలకుండానే మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. వెనక వాళ్ళమ్మాయి ఏడుస్తోంది. "ఎంత చెప్పిన అక్కా నీకు. ఒక్క మాట మంచిగ చెప్పరాదా" అంది.

నేనేదో జవాబు చెప్పబోయాను. మాస్టర్ కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"మంచిగనే చెప్పింది బిడ్డా."